ఉప్పు చూసే కోడలు

మా అత్తింట్లో బచ్చలికూర నీచు. నవ్వకండి, ఎర్ర మసూరు పప్పు కూడా నీచే. ఉల్లి, వెల్లుల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. అయితే అందరికీ కాదు, మొగుడు పోయిన ఆడదానికి మాత్రమే. అదే బచ్చలాకు నా కంచంలో పడితే కూర, పక్కన కూర్చున్న మా అత్తగారి కంచంలో పడితే పాపం. మా అత్తవారు బెంగాలీలు, మహా తెలివైనవాళ్ళని లోకంలో పేరుంది కదా. ఒకే ఆకు ఎవరి కంచంలో ఏమవుతుందో తేల్చాలంటే మరి ఆ మాత్రం తెలివి ఉండాలి.

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, వండిపెట్టి తెలుసుకున్నాను. మావగారు పోయాక అత్తగారిని నాగారంలో మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆవిడ చేపలూ మాంసం మానేశారని తెలుసు కాబట్టి, పోనీ మనవైపు వంట రుచి చూపిద్దామని బచ్చలికూర పప్పు చేశాను. కందిపప్పు నిండుకుంటే డబ్బాలో ఉన్న మసూరు పప్పు వేశాను. తాలింపులో వెల్లుల్లి వెయ్యలేదు, ఆపాటి జ్ఞానం నాకూ ఉంది. మొదటి ముద్ద ఆవిడ నోటి దాకా వెళ్ళేలోపు మా ఆడపడుచు కంచం లాగేసింది.

"అమ్మకు ఇది పెడతావా? నీకు బుద్ధుందా?" అని హిందీలో అరిచింది.

"ఆకుకూరే కదా దీదీ," అన్నాను.

"నీకేం తెలుసు మా పద్ధతులు?" అంది. ఆ పప్పంతా తీసుకెళ్ళి గిన్నెతో సహా బయట పెట్టించింది. అత్తగారు ఎత్తిన చెయ్యి దించి, ఖాళీ అయిన చోటు వంక కాసేపు చూసి, మంచినీళ్ళు తాగి లేచారు.

ఆడపడుచు అంటే మా ఆయన అక్క. ఊరికి అవతలి చివర పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. పొట్టి జుట్టు, పొడుగు ఇంగ్లీషు. మహిళా దినోత్సవం వస్తే వాళ్ళ ఆఫీసులో ఆడవాళ్ళ స్వేచ్ఛ మీద ఉపన్యాసం ఈవిడదే. తను తిననిది లేదు, తాగనిది లేదు. నాకేం అభ్యంతరం లేదు, ఎవరి నోరు వాళ్ళది. కానీ తల్లి నోటికి వచ్చేసరికి ఈవిడకి సనాతన ధర్మం గుర్తొస్తుంది. చెప్పేవి శ్రీరంగనీతులు. తండ్రి పోవడానికీ బచ్చలాకుకీ ఏమిటి సంబంధమని ఓసారి అడిగాను. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం ఎలాగో ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. అది ఒంట్లో వేడి పుట్టిస్తుందట. డెబ్బై దాటిన మనిషికి వేడి పుడితే ఎవరికి నష్టమో మాత్రం చెప్పలేదు.

ఇక మా ఆయన. ఇక్కడికి దగ్గర్లోనే ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. తల్లీ అక్కా ఉన్న గదిలోకి వస్తే ఆయనది గోడ మీద పిల్లి వాటం. "అమ్మే మానేసింది కదా, మనమెందుకు మధ్యలో," అనేవాడు. ఫోను చూసుకునేవాడు. పెళ్ళికి ముందు గంటలు గంటలు విప్లవాలు మాట్లాడిన మనిషే. అవన్నీ పొరుగు రాష్ట్రాల విప్లవాలు కాబోలు, వంటింటి గడప దాటి రాలేదు.

ఏటా మావగారి తిథికి పటం ముందు చేప పెడతారు. ఆయన బొచ్చె చేప తలకాయంటే ప్రాణం పెట్టేవారట. కాబట్టి తలకాయతో సహా పెద్ద ముక్క, దండ వేసిన పటం ముందు, వెండి పళ్ళెంలో. చచ్చినాయన చేప తింటాడు, బతికున్నావిడ తినకూడదు. ఆ చేపను శుభ్రం చేసి, పసుపు రాసి, ఆవనూనెలో వేయించి వండేది ఎవరనుకున్నారు? ఆవిడే. ఇంకెవరు వండినా ఆయన ఆత్మ తృప్తిపడదని ఆడపడుచు తీర్పు.

వండటానికి పనికొచ్చే చెయ్యి రుచి చూడటానికి పనికిరాదు కాబట్టి, మా ఇంట్లో ఉప్పు చూడటం నా ఉద్యోగమైంది. ఆవిడ చేపల పులుసును వాసనతో వండేవారు. ఆవ ముద్ద పచ్చివాసన పోయిందా లేదా ముక్కుతోనే తెలుసుకునేవారు. కానీ ఉప్పుకు వాసన లేదు కదా. చివరికి గరిటెతో కాస్త పులుసు నా అరచేతిలో పోసి, నేను నాకేదాకా నా మొహం వంక చూస్తూ నిలబడేవారు.

కోడల్ని వాళ్ళు బౌమా అని, అమ్మనీ అత్తనీ మా అని పిలుస్తారు. మొదట్లో మా ఇద్దరి మధ్యా సగం విరిగిన హిందీ నడిచేది. తర్వాత ఆవిడ తెలుగు నేర్చుకున్నారు. నా దగ్గర కాదు, జవహర్‌నగర్ నుంచి మా ఇంటికి పనికొచ్చే ఆమె దగ్గర. దాంతో నోరు తెరిస్తే ఈ నేల తెలుగే. మా అమ్మానాన్నలది తణుకు వైపు. మా అమ్మ ఆవిడ మాట వినగానే "అయ్యో, మీ అత్తగారి తెలుగేమిటే అలా ఉంది!" అంటుంది. ముప్పై ఏళ్ళుగా ఇక్కడి నీళ్ళు తాగుతూ ఇక్కడి మాట అంటకుండా కాపాడుకున్నానని మా అమ్మకు గర్వం. అదో ఘనత.

"ఉప్పు సాలునా బౌమా?"

"సరిపోయింది మా."

"గట్లనేనా చెప్పుడు? ఆవ ఘాటున్నదా, చేదున్నదా? ముక్క ఇరుగుతాందా, కరుగుతాందా? జెర మంచిగ చెప్పు."

మొదట్లో విసుక్కునేదాన్ని. మేడ్చల్‌లో ఆఫీసుకు బస్సు పట్టుకోవాలి, ఈవిడ ముక్క కరిగే కథ అడుగుతారేమిటని. తర్వాత్తర్వాత నెమ్మదిగా చెప్పడం అలవాటైంది. పైన నూనె తేలిన చోట ఎలా ఉంది, పచ్చిమిరపకాయ కారం నాలుక మీద ఎంతసేపు ఆగింది, పొట్ట దగ్గర మెత్తటి కండ ఎలా ఉంది. ఆవిడ కళ్ళు సగం మూసుకుని వినేవారు. గొంతులో చిన్నగా గుటక పడేది. నేను తింటున్నది నా ఒక్కదాని నోటితో కాదని ఆ గుటక చూశాక తెలిసింది. ఆ తర్వాత ఆ వంటింట్లో ఏ ముద్దా నాకు సుఖంగా దిగలేదు. ఆవిడకు చేప తినాలని ఉంది. నాకు తెలుసు. మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటాన్నే వాళ్ళు పద్ధతి అనేవారు.

"ఎంత నిష్ఠే తల్లీ మీ అత్తగారిది! ఈ రోజుల్లో ఎవరుంటున్నారు?" అని మా అమ్మ చేతులు జోడిస్తుంది. నిష్ఠట! తనంతట తాను మానేస్తే ఉపవాసం అంటారు. కంచం లాగేస్తే దాన్ని పస్తు అంటారు. ఆమాత్రం తేడా తెలియని మా అమ్మ ప్రతి కార్తీకమాసం పురాణ కాలక్షేపానికి ముందు వరసలో కూర్చుంటుంది.

మా కాలనీవాళ్ళ గొప్పతనం కూడా చెప్పాలి. గాలి వాటం మారితే జవహర్‌నగర్ చెత్తకుప్పల కంపు మా వీధుల్లోకి వచ్చి కూర్చుంటుంది. ఊరి చెత్తంతా మన నెత్తినే ఎందుకని ఇన్నేళ్ళలో ఒక్కడూ గట్టిగా అడిగిన పాపాన పోలేదు. కానీ మా వంటింట్లోంచి ఆవనూనె వాసన వస్తోందని కాలనీ సంఘం మీటింగులో అరగంట చర్చించారు. "మీవాళ్ళు కాస్త కిటికీలు మూసుకుని వండుకుంటే..." అని అధ్యక్షుడుగారు ముక్కు చిట్లిస్తూ నాకు చెప్పారు. ఆయన ఇంటి పెరడే చెత్త వైపు ఉంది. ఆ ముక్కుకు ఆవ మాత్రమే అందింది పాపం.

ఆదివారం అయితే అత్తగారిని కారులో శామీర్‌పేట తీసుకెళ్ళేవాళ్ళం. కరీంనగర్ రోడ్డు పక్కన, చెరువుకు కాస్త ఇవతల, ఒక ముస్లిం అవ్వ చేపలు పెట్టుకుని కూర్చునేది. అత్తగారు చెప్పులు విప్పి కింద గొంతుక్కూర్చుని ఒక్కో చేప మొప్పలు ఎత్తి చూసేవారు. ఇద్దరూ తిట్టుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. ఒకసారి అవ్వ పెద్ద రవ్వచేపను కోస్తూ, "గీ పొట్టముక్క నువ్వు తిను బీబీ, మస్తుంటది," అంది.

"నేను తిన. మా ఆయన సచ్చిపోయిండు గద," అన్నారు అత్తగారు.

అవ్వ కత్తి ఆపి చూసింది. "నా మొగుడు గూడ సచ్చిండు. నీ మొగుడు సస్తే నా చేపలేం జేసినయ్?" అంది.

అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని పకపకా నవ్వారు. కారెక్కాక మాత్రం ఒళ్ళో సంచి విప్పి, ఇంటికొచ్చేదాకా ఆ పొట్టముక్కే చూస్తూ కూర్చున్నారు. మా ఆయన పాటలు పెట్టుకున్నాడు.

పోయిన ఏడాది దసరాకు శామీర్‌పేట వైపు ఒక ఫంక్షన్ హాల్లో ఇక్కడి బెంగాలీలంతా కలిసి దుర్గాపూజ పెట్టారు. కమిటీలో మా ఆడపడుచు ఉంది. ఉండకుండా ఎలా? పూజ మొదలయ్యే ముందు సాయంత్రం ఆనందమేళా అని ఒకటి చేస్తారు. ఇళ్ళల్లో వండిన వంటలు తెచ్చి బల్లల మీద పెట్టి అమ్ముతారు, ఒకరివి ఒకరు కొనుక్కు తింటారు. మంచి సరదా అయిన పండగే, చెడగొట్టడానికి మనుషులు ఉండాలి గానీ. ఈసారి మా ఆడపడుచుకు ఒక ఆలోచన వచ్చింది. వితంతువుల వంటకాలతో ఒక బల్ల పెట్టాలట. వెనకాల పెద్ద గుడ్డ మీద 'అమ్మమ్మల తెల్ల వంటిల్లు' అని ఇంగ్లీషులో, బెంగాలీలో రాయించింది. వంట అత్తగారిది. అరటి దూటను సన్నగా తరిగి కొబ్బరితో చేసిన కూర, అరటిపువ్వు కూర, సొరకాయ తొక్కల వేపుడు, కాకరకాయతో చేదుగా ఉండే షుక్తో, గసగసాల ముద్ద. రెండు రోజులు నడుం వంచి ఆవిడ వండారు, నేను తరిగాను.

అంతటితో ఆగితే బాగుండేది. ఆవిడ మామూలుగా ఇంట్లో లేతరంగు చీరలే కడతారు. ఆ రోజు మాత్రం అంచు లేని తెల్లచీర కట్టించి బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. సంతలో అంగడి ముందు పెట్టిన బొమ్మలాగా.

జనం బాగానే వచ్చారు. బెంగాలీలు, వాళ్ళు పిలుచుకున్న స్నేహితులు, ఆ దగ్గర్లోనే ఉన్న లా యూనివర్సిటీ పిల్లలు, మా కాలనీ నుంచి ఆవనూనె అధ్యక్షుడుగారు కుటుంబంతో సహా. ఆయన షుక్తో నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మా ఆడపడుచు మైకు పట్టుకుంది. మన వితంతువులకు ఏమీ ఉండేది కాదట, తొక్కలతో, కాడలతో ఇంతటి కళను సృష్టించారట, త్యాగంలోంచి రుచి పుట్టిందట. గొంతు బొంగురుపోయింది కూడా. జనం చప్పట్లు కొట్టారు. ఎద్దు పుండు కాకికి నొప్పా? తిండి లాక్కున్నవాళ్ళే, లాక్కున్నాక మిగిలిన తొక్కలతో వంట బాగా చేశావని మెచ్చుకోవడం నేను అక్కడే చూశాను. నాకు అసహ్యం వేసింది. ఆ బల్ల అలాగే తిరగేయాలనిపించింది. తిరగేస్తే తరిగిన కష్టం నాదీ ఆవిడదీ కాబట్టి ఊరుకున్నాను.

ఎవరో ఒకమ్మాయి ఫోటో తీసి, "ఆంటీ, ఉల్లిపాయ వెల్లుల్లి లేకుండా ఇంత టేస్టు ఎలా వచ్చింది? సీక్రెట్ చెప్పండి," అంది.

"ఏం లేదు బిడ్డా. ఆకలైతే అన్నీ రుచే," అన్నారు అత్తగారు.

అందరూ గొల్లున నవ్వారు. ఎంత జోవియల్ ఆంటీ అన్నారు. పక్క బల్ల మీద చేప కట్‌లెట్లు వేగుతున్నాయి. ఆ వాసన వచ్చిన ప్రతిసారీ తెల్లచీర కట్టుకున్న మనిషి మొహం అటు తిరిగి మళ్ళీ ఇటు తిరగడం ఒక్కరూ చూడలేదు. అంతమంది చేతుల్లో అన్ని కెమెరాలు ఉన్నాయి గదా.

దశమి రోజు అసలు గొడవ. మా అత్తింటి ఆనవాయితీ ప్రకారం ఆ రోజు ముత్తైదువలు చేప తిని, తాంబూలం వేసుకుని, అమ్మవారికి సిందూరం పెట్టి సాగనంపాలి. మళ్ళీ సరస్వతీ పూజ దాకా ఇలిష్ చేప ముట్టరు. మా వైపు పులస అంటారే, అదే జాతి. ఆడపడుచు పొద్దున్నే మా ఇంటికి ఐసుపెట్టెలో ఇలిష్ తెచ్చింది. వెంట ఇద్దరు కమిటీ ఆడవాళ్ళు, ఎర్రంచు తెల్లచీరల్లో. ముగ్గురూ హాల్లో కూర్చుని సెల్ఫీలు తీసుకుంటున్నారు. వంటింట్లో అత్తగారు ఆవ నూరారు, ముక్కలు వేశారు, ముక్కుతో పసిగట్టారు. గరిటె ఎత్తి నా అరచేతి కోసం చూశారు.

నేను చెయ్యి చాపలేదు.

"ఇవాళ నేను చూడను మా. మీరే చూడండి," అన్నాను. గరిటె తీసుకుని, పులుసు ఆవిడ అరచేతిలో పొయ్యబోయాను.

నా గొంతు పెద్దదే. హాల్లోంచి ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. "పండగ పూట అమ్మ నిష్ఠ చెడగొడతావా?" అంది. నేను ఊరుకుంటానా? బచ్చలికూర దగ్గర్నుంచి తెల్లచీర దాకా అన్నీ ఏకరువు పెట్టాను. నీ మైకుకి ఆవిడ ఆకలి కావాలి గానీ ఆవిడ కడుపు నీకక్కర్లేదన్నాను. కమిటీ ఆడవాళ్ళు గుమ్మంలో నోళ్ళు వెళ్ళబెట్టి నిలబడ్డారు. మా ఆయన వచ్చి, పరిస్థితి చూసి, నీళ్ళ బాటిల్ తీసుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారు గరిటె నా చేతిలోంచి లాక్కున్నారు. నావైపు తిరిగారు, కూతురివైపు కాదు.

"ఆయన సచ్చిననాడు ఈమె తినద్దన్నది. ఊకున్న. ఇయ్యాల నువ్వు తినుమంటున్నవ్. నీకేం గావాలె అని నన్ను ఒక్కలన్న అడిగిన్రా? నా నోరు నాదా, మీ ఇద్దరిదా?"

అని, డబ్బాలోంచి ఉప్పు గుప్పెడు తీసి గిన్నెలో విసిరికొట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. న్యాయం నా వైపు ఉందని అంతసేపు గొంతు చించుకున్నాను, ఆవిడ నన్ను తీసుకెళ్ళి ఆడపడుచు పక్కన నిలబెట్టారు. ఆవిడ మీద కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది.

ఒక్క వినోదం మాత్రం దక్కింది. ఉప్పు ఎవరూ చూడని ఆ కూరను ముగ్గురు ముత్తైదువలూ తిన్నారు. తినక తప్పదు, ఆచారం. ఉప్పు కషాయంలాంటి ఆ ముక్క మింగుతూ, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ, "అమ్మ చేతి వంట అమృతం," అంది మా ఆడపడుచు. మిగతా ఇద్దరూ అవునవునన్నారు. తర్వాత కూజాలో నీళ్ళన్నీ తాగి అమ్మవారిని సాగనంపడానికి వెళ్ళారు.

తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో చేప వండలేదు. ఆవిడ అడగలేదు, నేను ఎత్తలేదు. అన్నం, పెసరపప్పు, బంగాళాదుంప. అవసరమైనంత మాట.

చలి మొదలయ్యాక, పండగా పబ్బమూ కాని ఒక మంగళవారం, ఆఫీసు నుంచి త్వరగా వచ్చాను. వీధి తలుపు తీసే ఉంది. ఇల్లంతా ఆవనూనె వాసన. పనామె వాకిట్లో నిలబడి నన్ను చూసి, "పెద్దమ్మ పొద్దుగాల ఒక్కతే ఆటోల శామీర్‌పేట పోయొచ్చిందమ్మా. నేనొస్త అన్న, వద్దన్నది," అని చెప్పి, నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయింది.

అత్తగారు వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నారు. ముందు కంచం. కంచంలో వేడన్నం, చెరువు పరిగె చేపల పులుసు. కంచం అంచున ముళ్ళు కుప్పగా పేర్చి ఉన్నాయి. ముసలి వేళ్ళు ఒక్కో ముల్లునూ వెతికి, తీసి, పక్కన పెట్టి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంటున్నాయి. నేను గుమ్మంలో నిలబడ్డానని తెలిసినా తలెత్తలేదు. ఏడవడం లేదు, దణ్ణం పెట్టుకోవడం లేదు, భయపడటం అసలే లేదు. శ్రద్ధగా తింటున్నారు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఆవిడ మీద ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలియదు.

గట్టు మీద ఆవిడ ఫోను మోగింది. మా ఆడపడుచు, రోజూ ఆ వేళకు చేస్తుంది. నేను తీసి ఆవిడ వంక చూశాను.

"చెయ్యి ఎంగిలున్నది. తింటున్న అని చెప్పు," అన్నారు.

"ఏం తింటున్నారని చెప్పను మా?"

"చేపలు."

చెప్పాను. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినపడింది. అత్తగారు పట్టించుకోలేదు. ఆఖరి చేపను తలకాయతో సహా నమిలి, పులుసు కంచం వేలితో ఊడ్చి నాకారు. పొయ్యి మీద గిన్నె మూత తీసి చూశాను. అడుగున కరివేపాకంత నూనె మరక తప్ప ఏమీ లేదు.

"ఏం జూస్తున్నవ్?" అన్నారు, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ. "మొత్తం తిన్న. నీకేం ఉంచలే."